మన సీమలో అగ్నిపర్వతం ఉందా? ఉంది, కానీ చచ్చిపోయి 110 కోట్ల ఏళ్లయింది

వానలు మొదలయ్యాయంటే చాలు, ఒక వీడియో వాట్సాప్‌లో తిరగడం మొదలుపెడుతుంది. పొలంగట్టు పక్కన నేల నెర్రె విచ్చి పొగ వస్తుంటుంది, నల్లటి ముద్ద ఒకటి బుడబుడమంటూ బయటికి పొంగుతుంటుంది, వెనక ఎవరిదో గొంతు "లావా వస్తాంది చూడండ్రా" అంటుంది. ఊరి పేరు మాత్రం ఒక్కో గ్రూపులో ఒక్కోటి. ఇట్లాంటివి విచారిస్తే చాలాసార్లు తేలేది కరెంటు గొడవే. తెగిపడిన తీగ నుంచో, స్తంభం ఎర్తింగ్ నుంచో హై వోల్టేజీ నేలలోకి దిగితే మట్టి కరిగి గాజులాంటి ముద్దగా మారుతుంది. దాని దగ్గరికి పోవద్దు, లావా అని కాదు, షాక్ కొడుతుందని.

కానీ ఆ వీడియో చూసి జనం అడిగే ప్రశ్న ఉంది చూడండి, అది మాత్రం మంచి ప్రశ్న. మన దేశంలో అగ్నిపర్వతాలు ఉన్నాయా, మన దగ్గర ఎప్పుడైనా ఉండేవా, ఉంటే మళ్లీ లేస్తాయా? నంద్యాలలోనో అనంతపురంలోనో గ్రూప్స్ కోచింగ్‌కు పోయినవాళ్లను అడిగితే టకీమని బిట్టు చెప్తారు: బారెన్ ద్వీపం క్రియాశీలం, నార్కొండం నిద్రాణం, దక్కన్ విలుప్తం. పరీక్షలో మార్కు పడుతుంది. విషయం అర్థం కావడానికి మాత్రం ఇది సరిపోదు, ఎందుకంటే ఆ మూడు మాటలూ "చివరిసారి ఎప్పుడు పేలింది" అన్న ఒక్క లెక్క మీదే నిలబడి ఉన్నాయి. స్థూలంగా గత 11,700 ఏళ్లలో, అంటే చివరి మంచుయుగం ముగిసినప్పటి నుంచి ఎప్పుడైనా పేలి ఉంటే దాన్ని బతికున్నవాటి జాబితాలో పెడతారు. జాబితా రాసుకోవడానికి ఏదో ఒక గీత కావాలి కాబట్టి గీశారు, అంతే. కొండకు ఆ గీతతో సంబంధం లేదు.

మన సీమవాళ్లకు బోరు సంగతి చెప్పాల్సిన పనిలేదు. బోరు చచ్చిందా లేదా అన్నది అది చివరిసారి ఎప్పుడు నీళ్లు పోసిందన్న దాన్ని బట్టి చెప్పం, కింద ఊట ఉందా లేదా అన్న దాన్ని బట్టి చెప్తాం. రెండేళ్లు గాలి మాత్రమే వచ్చిన బోరు ఒక మంచి వాన తర్వాత మళ్లీ పోయవచ్చు, నిన్నటిదాకా పోసిన బోరు ఊట తెగిపోతే ఇక ఎప్పటికీ పోయకపోవచ్చు. అగ్నిపర్వతాల్ని కూడా ఈ లెక్కనే చూడాలన్నది నా పట్టు. అడగాల్సింది ఎన్నేళ్లయిందని కాదు, కింద రాయి కరగడానికి కారణం ఇంకా ఉందా అని.

ముందు బారెన్‌తోనే మొదలుపెడదాం. పోర్ట్ బ్లెయిర్‌కు, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నాం, ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఒంటరిగా ఉంటుంది. అడ్డంగా చూస్తే 3 కిలోమీటర్లు, ఎత్తు 350 మీటర్ల చిల్లర. ఇంతేనా అనిపిస్తుంది. కానీ సముద్రపు అడుగు అక్కడ 2 కిలోమీటర్లకు పైగా లోతు, కొండ మొదలయ్యేది ఆ అడుగు నుంచి. మనకు కనిపించేది దాని నెత్తి మాత్రమే. నడుమ సుమారు 2 కిలోమీటర్ల వెడల్పున పాత కొండ కూలిపోయిన గుంట, పడమటి వైపు దాని గోడ తెగి ఉంటుంది, ఆ గుంట మధ్యలోంచి కొత్త శంకువు లేచింది. లావా పారితే ఆ తెగిన వైపు నుంచే సముద్రంలోకి పోతుంది. మనుషులెవరూ ఉండరు. మేకలు ఉన్నాయి, అడవి మేకలుగా మారిపోయినవి. ఆ బూడిదలో ఏం తిని బతుకుతాయో అనుకుంటాం గానీ, బతుకుతున్నాయి.

దీని పేలుడు గురించి మొదటి రాతపూర్వక ఆధారం 1787 నాటిది. తర్వాత 1789, 1795, 1803-04, 1852 అని లెక్కలున్నాయి. ఆపైన నిశ్శబ్దం, ఏకంగా 139 ఏళ్లు. ఆ మధ్యలో పుట్టి, పెరిగి, ముసలివాళ్లై పోయినవాళ్లను అడిగి ఉంటే అది ఆరిపోయిన కొండ అనే చెప్పి ఉండేవారు, వాళ్లది తప్పు అనడానికి కూడా లేదు. 1991లో లేచింది. ఆర్నెల్ల పాటు ఆగలేదు. 1994-95లో మళ్లీ. 2005 మే నుంచైతే మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటూ పేలుతూనే ఉంది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఆ దగ్గర్లో సముద్రపు అడుగు మట్టి నమూనాలు తీసుకుంటుండగా వాళ్ల కళ్లముందే బూడిద ఎగజిమ్మింది. పగలు చూస్తే బూడిద మబ్బులు, పొద్దు గూకాక చూస్తే ఎర్రటి లావా చిమ్మడం, కొండ వాలు మీద నిప్పు కాలువలు. 2025 సెప్టెంబరులో కూడా చిన్నపాటి పేలుళ్లు నమోదయ్యాయి.

అక్కడ ఊట ఎందుకు ఆగట్లేదు? మనం నిలబడిన భారత ఫలకం, అంటే భూమి పైపెంకులో కదిలే ఒక పెద్ద ముక్క, తూర్పు అంచున, అండమాన్‌కు పడమరగా, బర్మా ఫలకం కిందికి దూరిపోతోంది. దూరేది సముద్రపు అడుగు రాయి. అది కోట్ల ఏళ్లు నీళ్లలో నాని ఉంటుంది, ఖనిజాల లోపల కూడా నీరు పట్టి ఉంటుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు పోయేసరికి వేడికి, ఒత్తిడికి ఆ నీరు బయటికి వచ్చి పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతుంది. నీరు కలిస్తే రాయి కరిగే ఉష్ణోగ్రత బాగా తగ్గిపోతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, రాయి కరిగేది కొత్తగా వేడెక్కి కాదు, ఉన్న వేడిలోనే నీరు చేరి. నిప్పుకు నీరు శత్రువని చిన్నప్పటి నుంచి వింటాం, ఇక్కడ మాత్రం నీరే మంట పెడుతుంది. ఫలకం దూరుతున్నంత కాలం నీరు అందుతుంది, నీరు అందినంత కాలం బారెన్ బతికే ఉంటుంది. 139 ఏళ్ల మౌనం దానికి ఒక లెక్క కాదు.

ఇక్కడ చాలామందికి ఒక డౌటు వస్తుంది. మన ఫలకం ఉత్తరాన ఆసియాను కూడా గుద్దుతోంది కదా, మరి హిమాలయాల్లో అగ్నిపర్వతాలు ఎందుకు లేవు? ఎందుకంటే అక్కడ గుద్దుకుంటున్నవి రెండూ ఖండాలే. ఖండపు రాయి తేలిక, లోతుకు మునగదు, ముడతలు పడి పైకి లేస్తుంది. తడిసిన సముద్రపు అడుగు కిందికి పోవడం అక్కడ ఎప్పుడో ఆగిపోయింది. ఢీకొనడానికి ముందు, మధ్యలో టెథిస్ సముద్రం ఉన్న రోజుల్లో, ఆ సముద్రపు అడుగు ఆసియా కిందికి దూరింది, అప్పుడు పుట్టిన శిలాద్రవం గట్టిపడి లద్దాఖ్‌లో గ్రానైటు కొండలుగా నిలబడి ఉంది. లేహ్ ట్రిప్పుకు పోయి బైకులతో ఫొటోలు దిగేవాళ్లు నిలబడేది ఒక పాత అగ్నిపర్వతాల వరుస అడుగుభాగం మీద. సముద్రం అయిపోయింది, ఊట తెగింది.

నార్కొండం సంగతి కొంచెం తికమక. బారెన్‌కు ఉత్తరంగా సుమారు 135 కిలోమీటర్లు, ఎత్తు 710 మీటర్లు, నిండా అడవి. ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని హార్న్‌బిల్ పక్షి ఒకటి అక్కడ ఉంటుంది. మనుషులు చూసి రాసిపెట్టిన పేలుడు ఒక్కటీ లేదు. వయసు లెక్క ప్రకారమైతే చచ్చినవాటిలో వేయాలి. కానీ అది కూర్చున్నది బారెన్ కూర్చున్న వరుసలోనే, కింద దూరుతున్నదీ అదే ఫలకం. ఈ వరుసే ఉత్తరాన మయన్మార్‌లో పోపా కొండ దాకా, దక్షిణాన సుమత్రా, జావా దీవుల మీదుగా క్రకటోవా, మెరాపీ దాకా పోతుంది. అందుకే నిద్రాణం అని జాగ్రత్తగా అంటారు. నన్నడిగితే ఆ మాట సరైనదే, మనకు తెలిసినంత చరిత్ర అలాంటి కొండకు చాలా చిన్న కాలం.

అండమాన్‌కు టూరు పోయినవాళ్లు "మేం వోల్కనో చూశాం" అని చెప్పేది ఎక్కువగా బారాటాంగ్ మట్టి బుడగల్ని. దాన్ని మడ్ వోల్కనో అంటారు గానీ అది అగ్నిపర్వతం కాదు. భూమి పొరల్లో ఇరుక్కున్న వాయువు తడి మట్టిని నెట్టుకుంటూ పైకి వస్తుంది, బురద చల్లగానే ఉంటుంది. అసలు బారెన్‌ను చూడాలంటే అనుమతి తీసుకుని పడవలో పోవాలి, దూరం నుంచి చూసి తిరిగి రావాలి.

ఇంక దక్కన్. మనందరికీ తెలిసిన పేరు, కానీ మహారాష్ట్ర వ్యవహారం అనుకుని వదిలేస్తాం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు పోయిన కాలానికి అటూ ఇటూగా, పడమటి భారతంలో నేల బారుగా చీలి లావా పారింది. శంకువు ఆకారపు కొండ, దాని నెత్తిన గుంట, అట్లాంటి బొమ్మ ఊహించుకోవద్దు. చీలికలు, వాటి నుంచి వరదలు, పొర మీద పొర. ఇప్పటికీ మిగిలింది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు, పడమటి కనుమల దగ్గర మందం 2 కిలోమీటర్ల దాకా. డైనోసార్లను చంపింది ఈ లావా వాయువులా, మెక్సికో దగ్గర పడ్డ గ్రహశకలమా అన్న వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు, ఎక్కువమంది గ్రహశకలం వైపే ఉన్నారు.

ఆ లావా తెలంగాణలో వికారాబాద్, ఆదిలాబాద్ వైపు దాకా వచ్చి ఆగింది. ఆశ్చర్యం ఏంటంటే అక్కడి నుంచి ఎంతో దూరాన గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో, అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో అదే రకం నల్లరాయి మళ్లీ తగులుతుంది. పాత నదీలోయలు పట్టుకుని దక్కన్ లావా సుమారు 1,000 కిలోమీటర్లు పారి అక్కడిదాకా పోయిందని రసాయన పరీక్షలు, వయసు లెక్కలు చూసి చాలామంది శాస్త్రవేత్తలు అంటున్నారు. భూమి మీద మనకు తెలిసిన అతిపొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. ఇంత జరిగినా మన కర్నూలు, కడప, అనంతపురాలకు దక్కన్ లావా చుక్క కూడా లేదు. వానలే కాదు, లావా కూడా మనల్ని పక్కనబెట్టి పోయింది.

మరి దక్కన్ మళ్లీ లేస్తుందా? లేవదు. దానికి ఊట ఇచ్చింది భూగర్భంలో లోతు నుంచి లేచే ఒక వేడి స్తంభం. అది ఎక్కడికీ పోలేదు, పోయింది మనమే. భారత ఫలకం దాని మీదుగా ఉత్తరానికి జరిగిపోతుంటే అది సముద్రపు అడుగున లక్షద్వీప్, మాల్దీవుల మీదుగా ఒక బారు మచ్చ గీసుకుంటూ వచ్చింది, ఆ మునిగిన లావా గట్టు మీద పగడాలు పెరిగి దీవులయ్యాయి. ఇప్పుడు ఆ వేడి స్తంభం ఉన్నది మడగాస్కర్‌కు తూర్పున రీయూనియన్ దీవి కింద. అక్కడ పిటోన్ ద లా ఫోర్నేజ్ అనే కొండ ఇప్పటికీ తరచూ పేలుతుంటుంది. అంటే దక్కన్ చచ్చిపోయింది, దాని ఊట మాత్రం బతికే ఉంది, మనం జరిగిపోయాక ఇప్పుడు వేరే దేశం కింద కాపురం ఉంది. జార్ఖండ్‌లో రాజమహల్ కొండలది కూడా దాదాపు ఇదే కథ, 11.7 కోట్ల ఏళ్ల నాటిది. ఉడుపి దగ్గర మల్పే సముద్రంలో సెయింట్ మేరీస్ దీవుల్లో ఆరుపలకల రాతి స్తంభాలు చూసే ఉంటారు, అవి సుమారు 8.8 కోట్ల ఏళ్ల నాటివి, మడగాస్కర్ మన నుంచి విడిపోతున్నప్పటివి. ఇంకా పాతది కావాలంటే జోధ్‌పూర్, మెహ్రాన్‌గఢ్ కోట నిలబడ్డ రాయి సుమారు 75 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వతాల్లోంచి వచ్చింది. దక్కన్ గురించి మాట్లాడేటప్పుడు లోనార్ సరస్సును కూడా కలిపేస్తుంటారు కొందరు. గుండ్రంగా ఉంది కాబట్టి అగ్నిపర్వత బిలం అనుకుంటారు. అది ఉల్క పడ్డ గుంట, ఉల్క కొట్టిన దెబ్బకు మాత్రమే అట్లా గాజుగా మారే ఖనిజం అక్కడ దొరికింది.

సరే, మన ఇంటి సంగతికి వద్దాం. భూగర్భ శాస్త్రవేత్తల పటంలో కడప బేసిన్ అని ఒక పెద్ద నెలవంక కనిపిస్తుంది, సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు. దాని పొరల పేర్లు చదువుతుంటే ఆర్టీసీ బస్సు బోర్డులు చదివినట్టే ఉంటుంది: గువ్వలచెరువు (పుస్తకాల్లో గుల్చేరు), వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట. నేల సాగి, పలచబడి, కుంగి, సముద్రం లోపలికి వచ్చిన చోటు అది. నేల సాగినప్పుడు కింద వేడి రాతి మీద ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నీరు లేకుండానే రాయి కరుగుతుంది. అట్లా కరిగిన శిలాద్రవం కొంత వేంపల్లె పొరల మీద లావాగా పారింది, కొంత పైకి రాలేక తాడిపత్రి, వేంపల్లె పొరల మధ్యలోకి చొరబడి అడ్డంగా పలకలుగా గట్టిపడింది. పులివెందుల దగ్గరి అట్లాంటి పలక వయసు కొలిస్తే 188 కోట్ల ఏళ్లు తేలింది. ఆ వేడికి పక్కనున్న డోలమైటు, సున్నపురాయి లాంటి రాయి, ఉడికిపోయి, రూపం మారి, రాతినార పుట్టింది. బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల తవ్విన ఆస్బెస్టాస్ అదే. ఊపిరితిత్తుల్ని తినేసే ఆ దుమ్ముకు మూలం, పైకి రాకుండా నేలలోనే ఇరుక్కుపోయిన లావా అన్నమాట.

మంగంపేట ముగ్గురాయి సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రపంచంలో ఒకేచోట ఉన్న అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో అదొకటి. రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ తవ్వుతుంది, బరువైన రాయి కాబట్టి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి విదేశాలకు పోతుంది. దాంట్లో పైపొరను పరీక్షగా చూస్తే చిన్న చిన్న గుండ్లు కనిపిస్తాయి, అగ్నిపర్వతాలు చిమ్మే గుళికల మాదిరి. సముద్రం అడుగున అగ్నిపర్వతపు చర్య వల్లే ముగ్గురాయిలో ఉండే బేరియం బయటికి వచ్చి పేరుకుందన్నది బలంగా వినిపించే వాదన. అందరూ ఒప్పుకోరు, సముద్రపు నీటిలోంచి నెమ్మదిగా దిగిందనేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ గుళికలు చూశాక మొదటి వాదన వైపే మనసు మొగ్గుతుంది.

కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, వీటికీ లావాకూ ఏ సంబంధమూ లేదు. నల్లగా ఉన్నంత మాత్రాన అగ్నిశిల కాదు, అవన్నీ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. బెలుం గుహలు ఆ సున్నపురాయిని నీళ్లు తినేయగా ఏర్పడ్డవి. గండికోట లోయను పెన్న కోసింది. యూట్యూబులో ఈ రెండింటికీ లావా కథ అంటగట్టినవాళ్లు ఉన్నారు, నమ్మొద్దు.

ఇప్పుడు అసలు అగ్నిపర్వతం. పాత అనంతపురం జిల్లా వజ్రకరూరు, లత్తవరం, చిగిచెర్ల, కళ్యాణదుర్గం చుట్టూ కింబర్లైటు గొట్టాలు ఉన్నాయి, డజన్ల కొద్దీ. వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. కింబర్లైటు అంటే 150 కిలోమీటర్ల కంటే లోతు నుంచి, కార్బన్ డయాక్సైడు నిండిన శిలాద్రవం మధ్యలో ఎక్కడా ఆగకుండా గంటల్లోనో రోజుల్లోనో నేలను చీల్చుకుని పైకి దూసుకొచ్చిన దారి. ఆ వేగం ముఖ్యం. వజ్రాలు అక్కడ లోతులో ఎప్పటినుంచో ఉన్నవి, కింబర్లైటు వాటిని తయారుచేయలేదు, దారిలో తగిలితే ఎత్తుకొచ్చింది. నిదానంగా వచ్చి ఉంటే ఆ వజ్రాలన్నీ దారిలోనే పెన్సిల్ ముక్కులో ఉండే గ్రాఫైటు అయిపోయేవి.

మరి కొండ ఏదీ అంటారా? లేదు. పైభాగం ఎప్పుడో అరిగి కొట్టుకుపోయింది. మిగిలిన గొట్టం పైన వేరుశెనగ చేలు ఉన్నాయి. చుట్టూ ఉన్న గ్రానైటు కంటే ఆ రాయి మెత్తన, త్వరగా మట్టైపోతుంది, కాబట్టి గుట్టలాగా నిలబడే అవకాశమే లేదు. కొట్టుకుపోయిన మట్టిలో ఉన్న వజ్రాలు వాగుల్లో, పాత గులకరాళ్ల పొరల్లో చేరాయి. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో తొలకరి పడగానే ఇక్కడివాళ్లతో పాటు పక్క జిల్లాలవాళ్లు, కర్ణాటకవాళ్లు వచ్చి చెట్ల కింద మకాం పెట్టి మరీ వెతికేది వీటికోసమే. బనగానపల్లె గులకరాతి పొరలో వందల ఏళ్లు వజ్రాలు తవ్వారు. దొరికిన రాయిని గుట్టుగా వ్యాపారికి అమ్ముకోవడం, సగం ధరకే మోసపోవడం, అది వేరే కథ.

ఈ గొట్టాలు మళ్లీ పేలవు. కింబర్లైటు స్వభావమే అంత, ఒక్కసారి దూసుకొచ్చి పని ముగించుకుంటుంది. పైగా మన కింద ఉన్న ధార్వార్ నేల దేశంలోనే అతిపాత, మందమైన, చల్లబడిన పునాదుల్లో ఒకటి. ఫలకం అంచు మనకు దగ్గర్లో లేదు, వేడి స్తంభమూ లేదు, నేల సాగడమూ లేదు. రాయి కరగడానికి నాకు తెలిసిన మూడు దారుల్లో ఒక్కటీ ఇక్కడ పనిచేయట్లేదు. మహానంది కోనేట్లో నీళ్లు చలికాలం గోరువెచ్చగా తగులుతాయి కదా, కింద ఏదో ఉందేమో అని అడిగేవాళ్లు ఉన్నారు. లోతు నుంచి వచ్చే ఊటనీరు ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది, బయట చల్లగా ఉన్నప్పుడు మనకు వెచ్చగా అనిపిస్తుంది, అంతే.

బూడిద విషయంలో కూడా మన దగ్గర ఒక పాత తికమక ఉంది. అనంతపురం జిల్లా పాల్వాయిలో, అవతల బళ్లారి వైపు కుడతినిలో, ఇట్లా చాలాచోట్ల పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. గాజులా కరిగిన గడ్డలు కూడా కనిపిస్తాయి. అగ్నిపర్వతపు బూడిదేమో అని ఒకప్పుడు అనుమానించినవాళ్లు ఉన్నారు. తవ్వి చూస్తే అది పేడ. నవీన శిలాయుగంలో పశువుల దొడ్ల దగ్గర పోగైన పేడను వేల ఏళ్ల కిందట కాల్చిన దిబ్బలు. పాత పాలమూరు జిల్లా ఉట్నూరులో 1950ల్లో జరిగిన తవ్వకాల్లో పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాక ఇంక అనుమానం మిగల్లేదు.

కానీ నిజమైన అగ్నిపర్వతపు బూడిద కూడా మన దగ్గర ఉంది, అది ఇక్కడిది కాదు. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరు, పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. అక్కడ ఎర్రమట్టి కింద తెల్లటి పొర ఒకటి తగులుతుంది, కొన్నిచోట్ల 2 మీటర్లకు పైగా మందం. గిన్నెలు తోమే పొడుల్లాంటివాటికి పనికొస్తుందని తవ్వి అమ్ముకునేవారు. ఆ పొర ఇండోనేషియాలో సుమత్రా దీవి మీదున్న టోబా నుంచి వచ్చింది. ఇక్కడికి గీత గీస్తే దాదాపు 2,600 కిలోమీటర్లు. సుమారు 74,000 ఏళ్ల కిందట టోబా పేలింది, గత 20 లక్షల ఏళ్లలో భూమి మీద అంత పెద్దది ఇంకోటి లేదు. కొండ ఉన్నచోట ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పున్న సరస్సు ఉంది. ఆకాశం నుంచి నేరుగా ఇక్కడ రాలిన బూడిద కొన్ని సెంటీమీటర్లే ఉండొచ్చు, చుట్టూ గుట్టల మీద పడ్డదంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో చేరి అంత మందం అయింది.

పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం అక్కడ తవ్వి 2007లో బయటపెట్టిన విషయం ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు ఉన్నాయి, పైన కూడా ఉన్నాయి, రెండూ దాదాపు ఒకే తీరు. టోబా దెబ్బకు మానవజాతి తుడిచిపెట్టుకుపోయేంత పనైందని అప్పటిదాకా ఒక గట్టి వాదన ఉండేది. జుర్రేరు లోయవాళ్లు మాత్రం బూడిద రాలినా ఏదో ఒకట్లా నిలదొక్కుకున్నారని ఈ పనిముట్లు చెప్తున్నాయి. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, అంతకు ముందటి రకమా అన్నది తేలలేదు, ఎముకలు దొరకలేదు కాబట్టి గొడవ నడుస్తూనే ఉంది. నాకైతే ఇంత విలువైన పొరను సరిగ్గా కంచె వేసి కాపాడుకోకపోవడం ఏం బాగాలేదు. వజ్రాలు దొరికే చేల గురించి తెలిసినంతగా దీని గురించి మన పిల్లలకే తెలియదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మళ్లీ ఊట లెక్క వేసి చూడండి. వజ్రకరూరు గొట్టాల వల్ల మనకు ముప్పు లేదు. బారెన్ పేలినా ఆ చుట్టుపక్కల పోయే విమానాలకు, పడవలకు జాగ్రత్త చెప్తారు, అండమాన్ జనం ఉండే దీవులకే పెద్దగా ఏం కాదు, ఇంక అనంతపురానికి ఏమవుతుంది. ఆ ఫలకాల అంచు వల్ల మన కోస్తాకు అసలు భయం సముద్రపు అడుగున వచ్చే భూకంపాలతో, 2004 డిసెంబరు 26న చూశాం. రాయలసీమ దాకా ఇంతకు ముందు చెయ్యి చాచిన అగ్నిపర్వతం ఏదైనా ఉందంటే అది టోబానే, దాని కింద ఊట తెగలేదు. సరస్సు మధ్యలో ఉన్న సమోసిర్ దీవి, పేలుడు తర్వాత కింది నుంచి శిలాద్రవం నెడితే పైకి లేచిన నేల. దగ్గర్లో పెద్ద పేలుడు వస్తుందన్న సూచనలేవీ లేవు, అంతటిది మళ్లీ రావాలంటే వేల, లక్షల ఏళ్లు పట్టొచ్చు. వచ్చినరోజు బూడిద ఇటు వస్తుందా, అటు పసిఫిక్ వైపు పోతుందా అన్నది అప్పుడు అక్కడ ఏ గాలి వీస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.